ప్లూటోకు అన్యాయం జరగలేదు

గురుడు సింహరాశిలో అడుగుపెట్టాడని 2015 జులై 14న గోదావరికి పుష్కరాలు మొదలయ్యాయి. రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగిన ఆ రోజును ఉభయగోదావరులు మరచిపోవు. ఆ సాయంత్రమే, మన గడియారంలో అయిదుంబావు దాటాక, న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కనుంచి దూసుకుపోయింది. 2006 జనవరిలో అది బయలుదేరేనాటికి ప్లూటో తొమ్మిదో గ్రహం. చేరేనాటికి మరుగుజ్జు గ్రహం. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఓటు వేసి మార్చేసింది. ఓటు వేసింది 424 మందే, సైన్సును చేతులెత్తి తేలుస్తారా అని నిలదీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు ఆ నిర్ణయం సబబే. అక్కడ తేల్చింది గ్రహమనే మాటకు అర్థం. ప్లూటో బరువు, దారి ఓటుకు ముందు ఎంతో తర్వాతా అంతే.

ఆ మాట అర్థం మారడం అదే మొదలు కాదు. మన గుళ్లలోని నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, భూమి లేదు. చుక్కల మధ్య చోటు మారేదల్లా గ్రహమనుకుంటే అది సరైన జాబితాయే. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులే రాహుకేతువులు. అవి లేకుండా పంచాంగంలో గ్రహణం గుణించలేరు. 1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి నడుమ నిలిపాక ఆ లెక్క తిరగబడి, సూర్యచంద్రులు జాబితా నుంచి పోయారు, భూమి వచ్చి చేరింది. దానిముందు ప్లూటో సంగతి చిన్న సవరణ. 1801లో దొరికిన సెరెస్‌ను కూడా కొన్ని దశాబ్దాలు గ్రహమనే పిలిచారు. దాని పరిసరాల్లో అలాంటివి వరసగా బయటపడ్డాక గ్రహశకలమన్నారు. 1930లో దొరికిన ప్లూటోదీ అదే కథ. 2005లో వెల్లడైన ఎరిస్ దానికన్నా బరువైనది. ఎరిస్‌ను కాదని ప్లూటోను ఉంచడానికి అలవాటు తప్ప కారణం లేదు.

సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుకే గుండ్రబడాలి, తన దారి పరిసరాలను ఖాళీ చేసుకోవాలి అన్నవి గ్రహానికి ప్రాగ్‌లో పెట్టిన షరతులు. తగువంతా మూడోదానిమీదే. గురుడి దారిలోనూ వేల శకలాలున్నాయి కదా అంటారు. నిజమే, కానీ అవి గురుడి ఆకర్షణకు లోబడి, అతనికి ముందూ వెనకా గుంపులుగా నడుస్తున్నాయి. భూమి తన దారిలోని మిగతా సరుకంతటికన్నా సుమారు 17 లక్షల రెట్లు బరువు. ప్లూటో బరువు దాని దారిలోని మిగతావాటి మొత్తంలో పదోవంతు కూడా లేదు. ఇంత ఎడం ఉన్నచోట గీత గీయడం కష్టమేమీ కాదు. ఒక ఆక్షేపణ మాత్రం న్యాయమైనది: ఈ నిర్వచనం మన సూర్యుడికే పరిమితం. ఇతర నక్షత్రాల చుట్టూ వేల గ్రహాలు దొరికాక దీన్ని మళ్లీ సవరించాల్సిందే.

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. మబ్బు లేకపోతే, పొద్దుగూకాక రాజమహేంద్రవరం రేవుల నుంచి కొవ్వూరు వైపు ఆకాశంలో గురుడు కనిపిస్తాడు. చిన్న టెలిస్కోపుకైనా అతని నాలుగు పెద్ద చంద్రుళ్లు అందుతాయి. వాటిలో గానిమీడ్ బుధుడికన్నా పెద్దది, అయినా గ్రహం కాదు. స్నానానికి వచ్చే పిల్లలకు దాన్ని చూపించే ఏర్పాటును మన బడులు, కళాశాలలు ఇప్పటినుంచే తలపెట్టాలి.