చెవి పని, నోటి పని

లినక్సు కంప్యూటరుకు బ్లూటూత్ హెడ్‌ఫోను కలిపి పాట వింటుంటే హాయిగానే వుంటుంది. దూరాన వున్న అమ్మాయి వీడియో కాల్ చేసిందంటే చాలు, ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది! “ఉచితంగా వచ్చిన సరుకు ఇంతేనండీ” అని ఇంట్లో ఒకరు తీర్పు చెప్పేస్తారు. మరొకరు కొత్త హెడ్‌ఫోనుకు డబ్బు తీస్తారు.

కాస్త ఆగండి. బ్లూటూత్ దారి ఇరుకైనది. వినడం ఒక్కటే అయితే దారంతా పాటకే విడుస్తుంది. దాని పేరు ఏ2డీపీ. హెడ్‌ఫోనులోని మైకు కూడా తెరిచామా, హెచ్.ఎఫ్.పీ. అనే టెలిఫోను పద్ధతికి దిగిపోతుంది. సెకనుకు 44,100 నమూనాలతో వినిపించే ధ్వని సాధారణంగా 8,000కో, 16,000కో పడిపోతుంది. ఇక రెండు చెవులకూ ఒకటే ధ్వని.

మందు సులువే. సెట్టింగులలో సౌండు విభాగం తెరిచి, ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌ఫోను ప్రొఫైలును ఏ2డీపీకి మార్చండి. ఆ జాబితా అక్కడ కనబడకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకోండి. పైసా ఖర్చు లేదు. గొంతు సన్నబడక బొంగురుపోతుంటే మాత్రం, వాల్యూము నూరు శాతం దాటిందేమో చూసి తగ్గించండి.

ఈ ఇరుకు విండోసు వారికీ తప్పలేదు. కనుక నేరం లినక్సుదీ కాదు, హెడ్‌ఫోనుదీ కాదు. చెవి పని చెవికీ, నోటి పని నోటికీ పంచి చూసి, ఆ తరువాతనే డబ్బు సంగతి!