నిండు ముఖం నేరమా?

ఈ శీర్షిక చూసి కొందరు మిత్రులు ముసిముసిగా నవ్వుకుంటారని నాకు తెలుసు. "దేశంలో ఇన్ని సమస్యలుండగా విద్యార్థి సంఘం వార్షిక సంచికలో పౌడరు గురించి వ్యాసమా?" అని పెదవి విరిచే మేధావులూ ఉంటారు. వారికి ఒక్కటే మనవి. ఇలాంటి సంచికల్లో అచ్చయ్యే గ్రూప్ ఫోటోలు ఒకసారి పరికించి చూడండి. వెనక వరసలో, ముందున్న వాళ్ళ భుజాల చాటున గడ్డం దాచుకుని నిలబడ్డ అమ్మాయిలు కనిపిస్తారు. వాళ్ళను అక్కడికి ఎవరూ పంపి ఉండరు. వాళ్ళే వెళ్ళి నిలబడతారు. ఎందుకు వెళుతున్నారన్నదే నా ప్రశ్న.

నేనూ బొద్దు ముఖం దాన్నే. బుగ్గలు నిండుగా ఉంటాయి, మెడ కాస్త పొట్టి. పెళ్ళికి వెళితే చాలు, "చదువుతోపాటు ఒళ్ళు కూడా పెంచుతున్నావేమిటే?" అని అడిగే పిన్నులకు కొదవలేదు. చుట్టాల మాట వదిలేద్దాం. మన హాస్టళ్ళలో రాత్రి భోజనం మానేసి, రెండు బిస్కట్లతో పడుకునే అమ్మాయిలు ఎంతమంది లేరు? పాట బాగా పాడగలిగి కూడా "నా ముఖం స్టేజీమీద బాగుండదే" అని తప్పుకునే వాళ్ళు ఎంతమంది లేరు? ఇది సమస్య కాదంటే నేనొప్పుకోను.

ఇంతకూ మన తెలుగులో నిండుదనం తిట్టు కాదు. "నిండైన విగ్రహం" అంటే మెచ్చుకోలు. "చందమామలాంటి ముఖం" అంటే గుండ్రటి ముఖమనే కదా! కోలగా ఉన్న పున్నమి చంద్రుణ్ణి ఎవరైనా చూశారా? మెడమీద మూడు గీతలుంటే శంఖంతో పోల్చి, కంబుకంఠి అని నాయికను పొగిడారు మన కావ్యకర్తలు. ఆ గీతలకే ఇప్పుడు ముడతలని పేరుపెట్టి, వాటికి క్రీములు అమ్ముతున్నారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సావిత్రిగారి శశిరేఖను తలచుకోండి. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే, అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆ నిండు ముఖానికి మురిసిపోయారు. అదే 2015లో 'సైజ్ జీరో' అనే చిత్రంలో లావుపాటి అమ్మాయి పాత్రకోసం అనుష్క బరువు పెరిగితే, కథకన్నా ఆ బరువే పెద్ద వార్త అయి కూర్చుంది.

అలాగని అలంకరణ మానెయ్యమని నేను చెప్పటం లేదు. "ఉన్నది ఉన్నట్టుగా ఉండండి, ఈ రంగులెందుకు?" అని కొందరు అభ్యుదయ మిత్రులు ఉచిత సలహా ఇస్తుంటారు. వాళ్ళ మాట కూడా నాకు నచ్చదు. అలంకరణ ఒక విద్య. స్థానం నరసింహారావుగారు మగవాడై ఉండి రంగస్థలం మీద సత్యభామగా, చింతామణిగా జనాన్ని మైమరపించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారూ అంతే. మగవాళ్ళ దవడ వెడల్పు, మెడ లావు ఆడవేషంలో కనబడకుండా పోయాయంటే నడక, చూపులతోపాటు ఆహార్యానికి కూడా అందులో వాటా ఉంది. అయితే వాళ్ళు తమ ముఖాలు చూసుకుని సిగ్గుపడి రంగు పూసుకోలేదు. పాత్రకోసం పూసుకున్నారు. ఆ దృష్టితోనే మనమూ ఈ విద్య నేర్చుకోవాలని నా అభిప్రాయం.

దీని మూలసూత్రం బొమ్మలు గీసేవాళ్ళందరికీ తెలిసిందే. వెలుగు పడిన భాగం ముందుకొచ్చినట్టు, నీడ పడిన భాగం వెనక్కు తగ్గినట్టు కనబడుతుంది. కాంటూరింగ్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే. మన ఒంటిరంగుకన్నా కొద్దిగా ముదురు రంగును చెవి దగ్గరనుంచి బుగ్గ ఎముక కిందుగా, బుగ్గ సగం దాకా మాత్రమే వేసి కలపాలి. దవడ అంచున, గడ్డం కింద అదే రంగు పలచగా వేసి మెడమీదికి కలిపెయ్యాలి. నుదుటి మధ్య, ముక్కు దూలం మీద కాస్త లేతరంగు చాలు. బుగ్గలకు వేసే ఎరుపు గుండ్రంగా బిళ్ళలా కాకుండా, కణతలవైపు ఏటవాలుగా పోవాలి. ముఖమంతా తెల్లగా పూసి మెడను వదిలేస్తే మాత్రం ముసుగు తగిలించుకున్నట్టుంటుంది. అందుకే రంగు కొనేటప్పుడు ముంజేతిమీద కాదు, దవడ దగ్గర రాసి, పగటి వెలుగులో చూసుకోవాలి.

ఇంకా సులువైనవి, దమ్మిడీ ఖర్చు లేనివి ఉన్నాయి. పెద్ద గుండ్రటి బొట్టుకు బదులు సన్నటి నిలువు తిలకం పెడితే ముఖం పొడుగ్గా కనిపిస్తుంది. నూనె పట్టించి తలకు అతుక్కునేలా దువ్వే బదులు నడినెత్తిన జుట్టు కాస్త ఎత్తుగా ఉంటే మేలు. కంఠానికి బిగుతుగా పట్టే నెక్లెసు పొట్టి మెడను మరీ పొట్టి చేస్తుంది. గుండెలమీదికి జారే గొలుసు అయితే చూపును కిందికి లాగుతుంది. జాకెట్టు మెడ కూడా అంతే. గొంతుదాకా మూసేదానికన్నా కోణంగా దిగేది నయం. ఇక సెల్‌ఫోను సంగతి. కిందనుంచి తీస్తే ఎంత సన్నటివాళ్ళకైనా రెండో గడ్డం పుట్టుకొస్తుంది. ముఖానికి మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఆ తప్పు కెమెరా పెట్టిన చోటుది. మన ముఖం మీదికి నెట్టుకోవడం దేనికి? కంటికి సమంగానో, ఒక పిసరు పైనుంచో కొంచెం దూరం జరిపి తీయించుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ నాకు తెలుసు, సరదా పుట్టినప్పుడు చేస్తాను కూడా. పండగనాడు చేస్తాను, నాటకంలో చేస్తాను. కాని పొద్దున్నే ఎనిమిది గంటల క్లాసుకు వెళ్ళడానికి కూడా ఈ నీడలన్నీ దిద్దుకుంటేగాని గది దాటలేని పరిస్థితి వస్తే, అది అలంకరణ అనిపించుకోదు. జరిమానా అనిపించుకుంటుంది. చెయ్యని నేరానికి రోజూ కట్టే జరిమానా! పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఈ విద్య నేర్పేవాళ్ళు "లోపాలు కప్పిపుచ్చడం" అనే మాట వాడుతుంటారు. నా పోట్లాట ఆ మాటతోనే. బుగ్గ లోపం కాదు, మెడ లోపం కాదు. పట్టుచీర కట్టుకునేది నేతచీరను చూసి సిగ్గుపడి కాదు గదా!

మరో ముఖ్యమైన విషయం. కొందరికి మెడ వెనకాల, మడతల్లో చర్మం నల్లబడి, దళసరిగా, ముఖమల్ గుడ్డలా తయారవుతుంది. ఇంట్లోవాళ్ళు మురికి అనుకుని "సరిగా రుద్దుకోవే" అని కసురుతారు. సున్నిపిండి, నిమ్మచెక్క అన్నీ అయ్యాక చివరికి పౌడరు దట్టిస్తారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యటం లేదనడానికి చాలాసార్లు అదొక గుర్తు. నెలసరి క్రమం తప్పే పి.సి.ఓ.ఎస్. ఉన్న అమ్మాయిల్లోనూ కనిపిస్తుంది. అలాగే గొంతు ముందుభాగాన వాపు ఉండి, గుటక వేసినప్పుడు పైకీ కిందికీ కదులుతుంటే అది థైరాయిడ్ కావచ్చు. ఇలాంటివాటిని నీడలతో కప్పుకోకూడదు, డాక్టరుకు చూపించాలి. మన ఒంటిని చూసి నవ్వేవాళ్ళు ఎక్కువైనకొద్దీ మనం దాన్ని డాక్టరుకు కూడా చూపించడానికి వెనకాడతాం. నవ్వులాటకు అసలు ఖరీదు అక్కడ చెల్లిస్తాం.

కనుక మా కల్చరల్ సెక్రటరీగారికి, వచ్చే ఏడు ఆ పదవిలోకి వచ్చేవారికి నా విన్నపం ఇదీ. నాటకానికి నాయికను ఎంచేటప్పుడు ముందు ఒక పేజీ సంభాషణ చదివించండి. ముఖం సంగతి తరవాత చూడొచ్చు. యువజనోత్సవాలకు ముందు రంగస్థల మేకప్ తెలిసిన ఒక కళాకారుణ్ణి పిలిపించి రెండురోజుల శిక్షణ పెట్టించండి. దానికి అబ్బాయిలు కూడా రావాలి. వెలుగునీడల గుట్టు చేత్తో చేసి చూస్తే, ఎదటివాళ్ళ బుగ్గలమీద జోకులు వేసే సరదా కొంతైనా తగ్గుతుంది. పాట వచ్చిన అమ్మాయి పాట పాడాలి. ఆ రోజు ఆమె బుగ్గలమీద నీడ దిద్దుకుని వస్తుందో, ఒట్టి ముఖంతో వస్తుందో ఆమె ఇష్టానికి వదిలేద్దాం.