గడ్డ కోసం గర్భసంచి తీయించాలా?

“గర్భసంచిలో గడ్డ వున్నది” అని డాక్టరమ్మ అనగానే ఇంటిల్లిపాదికీ తిండి సయించదు. “పిల్లలు పుట్టారు గదా, ఇంకా ఆ సంచితో పనేమిటి? తీయించేస్తే పీడ విరగడౌతుంది” అని ఇరుగమ్మా పొరుగమ్మా సలహా ఇస్తారు. మన వైపు ఈ ఆపరేషను ఎక్కువే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. అందరికీ కారణం గడ్డలే కాకపోవచ్చు. కాని గడ్డ వున్నంత మాత్రాన సంచి తీయనక్కరలేదని తెలిసినవారు తక్కువ.

ఫైబ్రాయిడ్ అనే ఈ గడ్డ గర్భసంచి కండరంలో పుడుతుంది. శనగగింజంత వుండవచ్చు, కొబ్బరికాయంత కావచ్చు. అది కాన్సరు కావటం బహు అరుదు. బాధ పెట్టని గడ్డకు సాధారణంగా వైద్యమే అక్కరలేదు. ముట్లుడిగిన తర్వాత చాలావరకు అదే కుంచించుకుపోతుంది. బహిష్టులో రక్తం విపరీతంగా పోయి మనిషి పాలిపోతున్నా, నొప్పి ఎక్కువైనా, గర్భం నిలవకపోతున్నా వైద్యం ఆలోచించాలి. మందులతో లొంగకపోతే ఆపరేషను.

సంచిని వుంచి గడ్డను మాత్రమే తీయటాన్ని మయోమెక్టమీ అంటారు. ఇది నిన్నటి మాట కాదు. లండనులో విక్టర్ బానీ (1872-1953) అనే సర్జను భార్యకు చిన్న వయసులోనే గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. వారికి సంతానం లేదు. సంచిని కాపాడే ఈ పద్ధతికోసం ఆయన జీవితమంతా పాటుబడ్డాడు. ఆపరేషనులో రక్తం పోకుండా ఆయన వాడిన పట్టుకారుకు ఆయన పేరే నిలిచింది.

ఇప్పుడు గడ్డ వున్న చోటునుబట్టి మూడు దారులున్నాయి. సంచి లోపలికి పొడుచుకువచ్చిన గడ్డనైతే, కోత లేకుండా యోనిమార్గం గుండా సన్నని గొట్టం పంపి, చూస్తూ చెక్కి తీస్తారు. చాలామంది ఆనాడే ఇల్లు చేరుతారు. గోడలోనో, పైనో వున్నవి కొద్దిపాటివైతే, పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి లాపరోస్కోపుతో తీసి, సంచికి కుట్లు వేస్తారు. గడ్డలు మరీ పెద్దవైనా, ఎక్కువగా వున్నా పొట్ట కోయవలసి రావచ్చు. కోలుకోవటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

లాపరోస్కోపుతో తీసేటప్పుడు పెద్ద గడ్డను లోపలే ముక్కలు చేస్తారు. అందులో కనిపించని కాన్సరు వుంటే చెదిరి పాకే ప్రమాదమున్నదని అమెరికా ప్రభుత్వ సంస్థ 2014లో హెచ్చరించింది. అందుకని తిత్తిలో వుంచి ముక్కలు చేస్తారేమో అడగండి.

సంచి తీయటం తప్పనికాదు. గడ్డ ఒక్కటే తీస్తే కొందరికి మళ్ళీ కొత్తవి పుడతాయి. సంచి తీస్తే ఆ బెడద వుండదు. కాని దానితోపాటు అండాశయాలు కూడా తీస్తే ముట్లుడగటం ఒక్కసారిగా వచ్చిపడి, ఎముకల బలం తగ్గుతుంది.

కనుక సంతకం పెట్టేముందు డాక్టరును నాలుగు మాటలు అడగండి: గడ్డ ఎక్కడున్నది? గడ్డను మాత్రమే తీయవచ్చునా? అండాశయాలు వుంచుతారా? ఇక పిల్లలు కావాలనుకొంటే ఎన్నాళ్ళు ఆగాలి, కాన్పుకు ఆపరేషను అవసరమౌతుందా? రక్తం తక్కువగా వుంటే ముందు అది సరిచేసుకోండి. రక్తం ఆగక ప్రాణంమీదికి వస్తే తప్ప, ఆలోచించుకోవటానికి వ్యవధి వుంటుంది. మరొక డాక్టరు అభిప్రాయం అడిగితే ఎవరికీ అమర్యాద కాదు.