నోరు విప్పితే గేట్‌పాస్ పోకూడదు

జంషెడ్‌పూర్ కద్మా తెలుగు కార్మిక కుటుంబాలకు విజ్ఞప్తి

మా వీధిలో ఒక కాంట్రాక్టు కుర్రాడు, తాను పనిచేసే చోట రెయిలింగ్ ఊడిపోయిందనీ, ఎవరైనా పడితే ఎవరిది పూచీ అనీ తోటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాడు. మర్నాడు పొద్దున షిఫ్టుకు వెళితే గేటు దగ్గర పాస్ పనిచేయలేదు. చార్జిషీటు లేదు, ఎంక్వైరీ లేదు. 'నీకు పని అయిపోయింది' అని ఠేకేదారు ఫోనులో చెప్పేశాడు. రెయిలింగ్ ఊసే ఎత్తలేదు.

పర్మనెంటు వాళ్లకు చార్జిషీటైనా చేతికొస్తుంది. కానీ వాళ్లకు క్వార్టరు భయం. ఉద్యోగం పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబాలకు తిరిగి వెళ్లడానికి అక్కడ ఏం మిగిలింది? అందుకే ఇంటాయన ఏదైనా అనబోతే ఇంట్లోవాళ్లే ఆపుతున్నారు.

రాజ్యాంగంలోని 19వ అధికరణం మనల్ని కాపాడుతుందనుకుంటాం. అది ప్రధానంగా ప్రభుత్వం చేతులనే కడుతుంది; ప్రైవేటు యజమాని మీద దాన్ని ప్రయోగించడం తేలిక కాదు. ప్రభుత్వోద్యోగులకు ఆ రక్షణ 1962లో గట్టిపడింది. మన ఊరు బీహార్‌లో ఉన్న రోజులవి. కామేశ్వర ప్రసాద్ కేసులో, ప్రదర్శనలన్నిటినీ నిషేధించిన బీహార్ సర్కారు నిబంధన చెల్లదనీ, ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవనీ సుప్రీంకోర్టు చెప్పింది.

మనకు దిక్కు స్టాండింగ్ ఆర్డర్లే, అంటే సంస్థ రాతపూర్వక ఉద్యోగ నిబంధనలే. కానీ 1946 నాటి పాత చట్టం కింద వచ్చిన నమూనా ఆర్డర్లు, క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనినైనా దుష్ప్రవర్తన కింద లెక్కగట్టాయి. ఇందులో ఇమడనిదేముంది? బోనస్ మీద విసుక్కున్నా ఇముడుతుంది. పైగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే ఈ ఆర్డర్లు తప్పనిసరి. చిన్న ఠేకేదారు మనిషికి ఆ కాగితం కూడా లేదు.

జీతం, భద్రత, పని పరిస్థితుల గురించి నిజాయితీగా చేసే విమర్శ దుష్ప్రవర్తన కాదని స్టాండింగ్ ఆర్డర్లలో ఒక్క వాక్యం చేర్చాలి. రాతపూర్వకంగా కారణం చూపకుండా, మనిషి చెప్పేది వినకుండా గేట్‌పాస్ రద్దు చేయకూడదన్న షరతు ప్రతి ఠేకా ఒప్పందంలోనూ ఉండాలి. వ్యాపార రహస్యాలు బయటపెట్టడానికీ, తెలిసి తెలిసి అబద్ధం చెప్పడానికీ మేం రక్షణ అడగడం లేదు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. వృద్ధాశ్రమంలో సిబ్బంది చాలడం లేదని ఫిర్యాదు చేసి ఉద్యోగం పోగొట్టుకున్న బెర్లిన్ నర్సు పక్షాన యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2011లో తీర్పిచ్చింది. అంతదూరం ఎందుకు, ఎనిమిది గంటల పని దినాన్ని చట్టం కంటే ముందే, 1912లోనే తెచ్చిన ఊరు మనది. మేం అడిగే ఆ ఒక్క వాక్యానికీ కొత్త చట్టం కోసం కాచుకోనక్కర్లేదు.

స్టాండింగ్ ఆర్డర్లు మార్చమని సర్టిఫయింగ్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టే వీలు కార్మికులకు చట్టంలోనే ఉంది. దరఖాస్తు మీ బస్తీకి వచ్చినప్పుడు పర్మనెంటు ఉద్యోగులు, రిటైరైన పెద్దలు మొదట సంతకం పెట్టండి. ఆ తర్వాతే కాగితం కాంట్రాక్టు కుర్రాళ్ల ముందుకు వెళ్లాలి.