వచనం రోజూ ఫార్వర్డ్ చేస్తున్నాం, చదువుతున్నామా?

ఈ పోస్టు ముఖ్యంగా ఇంట్లో బైబిల్ ఉన్నవాళ్లకి. మిగతావాళ్లు చదివినా నష్టం లేదు. ఇందులో కూలి మాట ఉంది, గట్టు మాట ఉంది, అవి అందరివీ.

పొద్దున్నే ఫోను తీస్తే "ఈ రోజు వాగ్దానం" అని పువ్వుల బొమ్మ మీద ఒక వచనం వస్తుంది. ఆమెన్ అని పెట్టి ఇంకో నాలుగు గ్రూపులకి పంపుతాం. జనవరి ఒకటిన చర్చిలో తీసుకున్న వాగ్దానం కార్డు గోడకి అంటిస్తాం. అది తప్పని నేను అనను. కానీ బైబిల్ చదవడం అంటే అంతే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నా మాట సూటిగా చెబుతాను. రోజుకి కొంచెమే చదవండి, వరసగా చదవండి, చదివినదాంట్లో ఒక్కటైనా ఆ రోజే చేయండి.

వరసగా ఎందుకంటారా? యిర్మీయా 29:11 మనందరికీ నోటికి వచ్చు. దేవుడు మనకి మేలు తలపెట్టాడని ధైర్యం చెప్పే వచనం. దాని పై వచనాలు ఎంతమంది చూశారు? అది బబులోనుకి చెరగా పోయినవాళ్లకి రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందనీ ఉంది. అంటే ఆ వాగ్దానం రేపు పొద్దున అప్పు తీరిపోతుందని కాదు. కష్టంలో కూడా పని మానకుండా, ఊరి మేలు కోరుతూ కాచుకోమని. ఒక్క ముక్క కోసుకుంటే ఆశ మాత్రమే దొరుకుతుంది, అధ్యాయం అంతా చదివితే ఓపిక కూడా దొరుకుతుంది.

ఇంకో సంగతి. బైబిల్లో మన పని చాలా ఉంది. యెషయా 28 చివర చూడండి. దున్నేవాడు ఎప్పుడూ దున్నుతూనే ఉండడనీ, జీలకర్ర మీద బండి చక్రం తిప్పరు, కర్రతో దులుపుతారనీ, ఆ తెలివి రైతుకి దేవుడే నేర్పాడనీ ఉంది. సేద్యం తెలిసినవాడికి అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే మన పని గురించి ఉన్నచోటే మనల్ని నిలదీసే మాటలూ ఉన్నాయి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19లో ఉంది. చేలు కోసినవాళ్లకి ఎగ్గొట్టిన కూలి మొర పెడుతోందనీ, అది దేవుని చెవిన పడిందనీ యాకోబు 5లో ఉంది. పొరుగువాడి సరిహద్దు రాయి జరపొద్దని ద్వితీయోపదేశకాండం 19లో ఉంది. ఇవి ఏ వాగ్దానం కార్డు మీదా కనపడవు. "మాకే ధాన్యం డబ్బులు పడలేదు, కూలి ఎక్కడ తెచ్చివ్వాలి" అంటారు. నిజమే, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. అలాంటప్పుడు పనికి పిలిచే ముందే ఆ మాట చెప్పాలి, వచ్చేదీ మానేదీ వాళ్ల ఇష్టం. పని అయ్యాక రేపు, ఎల్లుండి అని తిప్పుకుంటూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో గట్టిగా పాడితే ఏం లాభం?

ఎలా చదవాలంటే, నాకు తోచిన పద్ధతి ఇది. పొలానికి వెళ్లేముందు పావుగంట చాలు. అర అధ్యాయం చదివి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో దేవుడు ఎలాంటివాడని ఉంది? నాలో ఏది తేడాగా ఉంది? ఈ రోజు నేను ఏం చేయాలి? మూడోదాని జవాబు ఖర్చులు రాసుకునే పుస్తకంలోనే ఒక్క లైను రాయండి. గొడ్డు మేసింది పడుకుని నెమరేసినట్టు, మడికి నీళ్లు పెట్టేటప్పుడు ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకోండి. చదువు రానివాళ్లు ఇంట్లో బడికెళ్లే పిల్లల చేత చదివించుకోండి, పిల్లలకీ అబ్బుతుంది. పాత తెలుగు కష్టమైతే వాడుక భాషలో ఉన్నవి కూడా దొరుకుతున్నాయి.

ఆదివారం పాస్టరు గారు చెబుతారు కదా అని కొందరు అంటారు. చెప్పేది పౌలు అంతటివాడే అయినా బెరయ వాళ్లు అది నిజమో కాదో రోజూ లేఖనాల్లో చూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. వాళ్లని మెచ్చుకున్నారే గానీ తిట్టలేదు.

పది రోజులు చదివి ఏం మారలేదని ఆపేయకండి. వేసిన మామిడి మొక్క మరుసటి నెలలో కాయదు. కీర్తనలు మొదటి అధ్యాయంలో నీళ్ల పక్క చెట్టు కూడా దాని కాలానికే కాస్తుంది.

ఎక్కడ మొదలు పెట్టాలో తెలియకపోతే రూతు గ్రంథం తీయండి. నాలుగే అధ్యాయాలు. యవల కోతల కాలంలో అత్తగారి కోసం పరిగె ఏరుకున్న పరాయి ఊరి కోడలి కథ, ఆమెని ఏరుకోనిచ్చిన ఒక రైతు కథ. రోజుకి అర అధ్యాయం చొప్పున ఎనిమిది రోజులు. ఈసారి కోతలప్పుడు మన చేలోకి పరిగెకి ఎవరైనా వస్తే మనం ఏమంటామో, ఆ ఎనిమిది రోజుల చదువు ఏపాటిదో అప్పుడు తెలుస్తుంది.