నలుగురు కోడర్లు కలిస్తే సైటు అవదు

మనోళ్ళు సొంతంగా వెబ్ ప్రాజెక్టు మొదలెట్టాలనుకోగానే చేసే మొదటి పని, తమలాంటి ఇంకో ముగ్గురు కోడర్లని పోగెయ్యడం. ఏ డేటాబేసు వాడాలో నెల్లాళ్ళు వాదించుకుంటారు. పేజీ చూడ్డానికి ఎలా ఉండాలి, అందులో తెలుగు ఎవరు రాయాలి అంటే మాత్రం "అవి చివర్లో చూద్దాంలే" అంటారు. చివర్లో ఓ డిజైనర్ని పట్టుకుని "ఒక లోగో గీసిపెట్టు బాసూ, అరగంట పని" అంటారు. అతను మళ్ళీ కనిపించడు. ఎందుకు కనిపించాలి?

ఫైర్‌ఫాక్స్ సంగతి చూడండి. 2003లో స్టీవెన్ గారిటీ అనే కెనడా డిజైనర్ మొజిల్లా రూపురేఖల్ని విమర్శిస్తూ వ్యాసం రాశాడు. వాళ్ళు ఉడుక్కోలేదు, ఆ పనేదో నువ్వే చూడమని అతనికే అప్పగించారు. అతని జట్టులో ఇంగ్లండు నుంచి జాన్ హిక్స్ చేరాడు. 2004 ఫిబ్రవరికల్లా భూగోళాన్ని చుట్టుకున్న నక్క బొమ్మ వచ్చేసింది.

వాళ్ళు అప్పగించింది ఒట్టి చాకిరీ కాదు, పెత్తనం కూడా. మనమేమో చాకిరీ అడుగుతాం, నిర్ణయాలు మన దగ్గరే ఉంచుకుంటాం. పైగా మంచివాళ్ళు దొరకట్లేదని ఏడుపొకటి! మనకి రాని పని వచ్చినవాళ్ళని మనతో సమానంగా కూర్చోబెట్టనంతకాలం దొరకరు గాక దొరకరు.