మౌనమంతా వినయం కాదు

ప్రతి తరగతిలోను ఒక నెమ్మదస్తుడు ఉంటాడు. అల్లరి చేయడు, అడిగితే తప్ప మాట్లాడడు. బుద్ధిమంతుడని మనమే మెచ్చుకుంటాము. నిరుటివరకు ఆటలలో ముందుండిన పిల్లవాడు ఈ యేడు మైదానం వంకే పోకపోతే, చదువుపై ధ్యాస కుదిరినదని సంతోషిస్తాము. ఆ సంతోషం ఒక్కొక్కప్పుడు ఎంత పొరపాటో ఉపాధ్యాయలోకం ఆలోచించవలసి ఉన్నది.

మానసిక రుగ్మతలలో మూడవ వంతు 14 ఏండ్ల లోపుననే అంకురిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనగా తొమ్మిదవ తరగతి నాటికే. 10 నుంచి 19 ఏండ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఇట్టి బాధకు లోనవుతున్నారని ఆ సంస్థ అంచనా. వీటిలో కుంగుబాటు, ఆందోళన ముఖ్యమైనవి.

కుంగుబాటు ఎల్లప్పుడు కన్నీటి రూపంలోనే రాదు. ఒకరిలో చిరాకుగా, ఒకరిలో నిద్రలేమిగా, మరొకరిలో ఇష్టమైన పనులపై విముఖతగా కనబడుతుంది. ఆందోళన పరీక్షనాటి కడుపునొప్పిగా, గుండెదడగా వస్తుంది. దానిని మనం బడి ఎగగొట్టే సాకు అంటాము. ఇవి రెండు వారాలకు మించి నిలిచినప్పుడు సోమరితనమని కసరడం తగదు. వైద్యునికి చూపించడం అవసరం.

విశాఖపట్నంలో ప్రవేశపరీక్షకు చదువుతూ 2023లో ఒక విద్యార్థిని మరణించినది. ఆమె తండ్రి వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెబుతూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల సలహాదారు ఉండాలన్నది. మార్కులను బట్టి పిల్లలను వేరు చేయడం, నలుగురిలో అవమానించడం కూడదన్నది. తీర్పు ప్రతి పాఠశాల గడప తొక్కేసరికి కాలం పడుతుంది. అంతవరకు పిల్లల బాధ ఆగదు.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. తరగతి ముగిసిన పిమ్మట పక్కకు పిలిచి, "ఏం నాయనా, ఈమధ్య మునుపటివలె లేవేం?" అని అడగడం, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టడం, విన్నదానిని స్టాఫు గదిలో ముచ్చటగా చెప్పుకొనకపోవడం, తల్లిదండ్రులకు నచ్చజెప్పి వైద్యసహాయం అందేటట్లు చూడడం, ఆయన వంతు ఇంతే. తన మాట వినేవారు ఒక్కరున్నారని నమ్మిన పిల్లవానికి కొండంత భారం సగమవుతుంది.

విద్యార్థులకును ఒక మాట. స్నేహితుడు బ్రతుకుపై విరక్తి వెల్లడించి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టండి. నమ్మకమైన పెద్దలకు తక్షణమే తెలపండి. ప్రభుత్వం 2022లో నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 నంబరున రేయింబవళ్లు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

రేపు సోమవారం. హాజరుపట్టీలో పేరు పిలిచినప్పుడు ఆ పలికిన గొంతును కాస్త ఆలకించండి. గీత పెట్టేముందు ఒక్కసారి ఆ ముఖం వంక చూడండి.